బ్రేకుల్లేని సూరప్పడు

సూరప్పడని ఒకడుండేవాడు. మన టెక్కలి అవతల ఊరే. పన్లు లేక ఓడెక్కి రంగం పోయేడంట. రంగమంటే రంగూనే, అప్పట్లో మనోళ్ళకి అదే పెద్ద పట్నం. అక్కడ బియ్యం మిల్లులో ఫిట్టరు పని. ఏమైందంటే, ఆ ఊళ్ళో దొరలు గుండ్రంగా మట్టిబాట వేసి మోటారు సైకిళ్ళ పందేలు పెట్టేరు. నలుగురేసి దిగడం, నాలుగు చుట్లు తిరగడం. బండికి బ్రేకుండదు. ఎడమకాలికి ఇనప చెప్పు కట్టుకుని, మలుపులో ఆ కాలు మట్టిలో ఈడుస్తూ బండిని పక్కకి జార్చుకుంటూ పోవాలి. నేను విజయనగరంలో బియ్యే చదివే రోజుల్లో సైకిలు మీద అలా కాలీడ్చబోయి ముక్కు పగలగొట్టుకున్నాను, అది వేరే సంగతి. సూరప్పడు మాత్రం రెండేళ్ళలో దొరల్నే దాటేసేవాడంట.

ఇంతలో పెళ్ళాం అసిరమ్మ చంటిపిల్లని చంకనేసుకుని ఓడ దిగింది. ఒక్క పందెం చూసింది, మరి అన్నం లోపలికి పోలేదు. ముకుతాడు లేని ఎద్దు మీద ఎవడైనా ఎక్కుతాడా అని మొత్తుకుంది. వాడు నవ్వేసి ఊరుకున్నాడు. అప్పుడదేం చేసిందంటే, మిల్లులో మనవైపు కమ్మరి అప్పన్నని ఒకడుండేవాడు, వాడి కాళ్ళావేళ్ళా పడి, మొగుడికి తెలీకుండా బండి వెనక చక్రానికి చిన్న బ్రేకు పెట్టించేసింది. పందెం మొదలవబోతుంటే కంచె దగ్గరికి పరిగెత్తి, మొగుడి చెయ్యి లాగి పిల్ల నెత్తిన పెట్టింది. "కుడికాలి కింద బ్రేకుంది. భయమేస్తే తొక్కుతానని ఒట్టెయ్యి మావా." వాడి మొహం పాలిపోయిందంట. ఏదో చెప్పబోయేడు, అవతల జెండా లేపేస్తున్నారు. ఒట్టు అనేసి బండెక్కేడు.

అది స్థిమితంగా వచ్చి కూర్చుని, పక్కనున్న మేస్త్రీ పెళ్ళాం రావులమ్మతో చెప్పుకుంది. రావులమ్మ చేతిలో శనగలు కింద పడిపోయేయంట. "ఓలమ్మా, ఎంత పని చేసేవే. బ్రేకులు ఎందుకు పెట్టరనుకున్నావు? ఒకడు ఆపితే వెనకోళ్ళు మీదెక్కి తొక్కేస్తారు."

ఇక చూడండి. ఒక చుట్టు అయింది. రెండు చుట్లు అయ్యేయి. సూరప్పడి వెనక ఇద్దరు, మూరెడు దూరంలో. అరుద్దామంటే ఆ ఇంజన్ల మోతలో ఎవడికి వినపడుతుంది? తొక్కకు, తొక్కకు అని గొణుక్కుంటూ పిల్లని నొక్కేస్తోందంట, పిల్ల ఏడుస్తోంది. మూడో చుట్టు మలుపులో ముందున్న దొర జారి అడ్డంగా పడ్డాడు. సూరప్పడి కుడికాలు లేచింది, అసిరమ్మ కళ్ళారా చూసింది. లేచిన కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. బండిని వాల్చేసి, ఆ దొర తల పక్కనుంచి జానెడు సందులో జారిపోయేడు. వెనకోళ్ళూ అలాగే పోయేరు.

బతికేడు, గెలిచేడు కూడా. కానీ దిగి పిల్లని ఎత్తుకోలేదు. "ఒట్టు తప్పేనే అసిరీ" అన్నాడంట, అంతే. నెత్తిన పెట్టిన ఒట్టు తప్పితే ఆ బిడ్డకే చుట్టుకుంటుందంటారు కదా. ఆ వారంలోనే పిల్లకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గే అనుకోండి. నాలుగు బళ్ళ మధ్య దూరిపోయినోడు ఆ దగ్గు వినలేక మిల్లు షెడ్డు వెనక కూర్చుని వణికిపోయేవాడంట. ఇనప చెప్పు అప్పన్న కొలిమిలో పడేసి, మరి జన్మలో బండి ముట్టలేదు.

ఆ పిల్ల ఏమైందంటారా? నేనెరుగుదును కదా, ఎనభై దాటి బతికింది. నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చుకుంటూ రోజంతా దగ్గేది. మానమంటే తిట్టేది.