గొడుగంత మందారం

గడియారాలు బాగుచేసే బాబాయ్ టీకొట్టు బల్ల మీద కూర్చుని నోరు విప్పాడంటే, చుట్టూ ఉన్నవాళ్ల గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. పక్క కొట్లో బట్టలు కుట్టే టైలరమ్మ ఆరోజు మిషను ఆపి మరీ వచ్చింది. ఎండలు ముదిరినప్పటి నుంచీ ఆమె వాకిట్లో మందారం మొగ్గలు వేయడం, విచ్చకుండానే రాల్చేయడం. ఎందుకో తెలియక ఆమెకు మనసు నిలవడం లేదు.

"నా మేడ మీద మందారం ఒక్క మొగ్గ రాల్చితే ఒట్టు," అన్నాడు బాబాయ్. "మొన్న రోడ్డు మీద తారు కరిగిన రోజున కూడా అరచేయంత పువ్వు పూసింది."

"ఏం వేశారు బాబాయ్ గారూ?"

"వాడేసిన టీపొడి, అంతే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాటికి పళ్లెమంత, మూడో రోజుకి గొడుగంత! మీ పిన్ని దాని నీడలో బట్టలు ఆరేస్తే, ఆరితేగా, అంత చల్లదనం!"

"నీళ్లు పొద్దున పోసేవారా, సాయంత్రమా?"

"నీళ్లెందుకమ్మా, అదే మాకు నీళ్లిచ్చేది! తెల్లారేసరికి రేకుల్లో రెండు బిందెల మంచు. ఇక తేనెటీగలంటావా, ఒక్కొక్కటీ పావురమంత! అన్నీ కలిసి కుండీని లేపేశాయి. కుండీ పట్టుకుని నేను, నా కాళ్లు పట్టుకుని మీ పిన్ని, ఊరంతా ఒక చుట్టు తిరిగాం!"

"మరి దిగిందెలా?" అన్నాడు టీకొట్టాయన.

"చీకటి పడితే వాటికీ ఇళ్లకెళ్లాలి కదయ్యా! మమ్మల్ని మా మేడ మీదే దింపి పోయాయి. మర్యాద తెలిసిన ఈగలు."

అందరూ పగలబడి నవ్వారు. టైలరమ్మ మాత్రం లేచి నిలబడింది. "పదండి, ఆ మొక్కని చూస్తాను."

"ఇప్పుడా? ఈ ఎండలో, నా మోకాళ్లతో..."

"మీరు కూర్చోండి. పిన్నినే అడుగుతాను."

పిన్ని పేరు వినగానే బాబాయ్ మోకాళ్ల నొప్పి ఎగిరిపోయింది.

మేడ మీద కుండీలో నాలుగు ఆకులతో బక్కచిక్కిన మందారం ఉంది. మొక్క మొదట్లో మట్టి కనపడనంతగా రాలిన మొగ్గలు.

"తేనెటీగలు పువ్వుని కూడా ఎత్తుకుపోయినట్టున్నాయి," అందామె.

బాబాయ్ తల వంచుకున్నాడు. "రెండు వేసవులయిందమ్మా. ఒక్కటీ విచ్చలేదు. పొద్దున్నే ఆశగా పైకొస్తాను, కింద పడి ఉంటాయి."

ఆమె జాలిపడుతూనే, చేతులు ఊరుకోక, అప్పుడే రాలిన మొగ్గనొకదాన్ని గోటితో చీల్చింది. లోపల దారపు ముక్కంత పురుగు మెదిలింది.

"ఇదన్నమాట! రాలిన మొగ్గల్ని కుండీలోనే ఎందుకు వదిలేశారు?"

"ఎరువవుతాయని."

"నేనూ అలాగే వదిలేశాను బాబాయ్ గారూ! పురుగు ఆ మట్టిలోనే పెరిగి, మళ్లీ మొగ్గల్లోకి ఎక్కుతోంది."

ఇద్దరూ ఎండలోనే గొంతుక్కూర్చుని మొగ్గలన్నీ ఏరి సంచిలో వేశారు. బాబాయ్ పురుగున్న మొగ్గని కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇవాళ చిక్కిపోయింది గానీ, నిన్న చూడాల్సింది దీన్ని, కొండచిలువంత..."

"బాబాయ్ గారూ!"

"సరేనమ్మా, దారమంతే."