గలీబు అంచు లేసు

హలో… ఆ, నేనే, దిమో. స్పాస్, రీలు కడిగాను… ఒక్క ఫోటోలోనూ నెదా మొహం లేదు.

—

లేదు లేదు, ఖాళీగా రాలేదు. నువ్వు ముందు కూర్చో.

…

కూర్చోరా. చెబుతాను.

బొమ్మలన్నీ పడ్డాయి. వెలుతురూ సరిపోయింది. మంచం ఉంది, దిండు ఉంది, నెదా కూడా ఉంది. మొహమే… మసక. పొగలోంచి చూసినట్టు. నాకూ నీకూ అయితే తెలుస్తుంది తనేనని. ఇంకొకరికి తెలియదు.

—

అన్నీ అంతే. మొదటినుంచి చివరిదాకా భూతద్దం పెట్టి చూశాను. ఆరాక మళ్ళీ చూశాను.

…

తెలుసు. తను పోయిన నలభయ్యో రోజుకి ఫోటోతో వీధిలో అంటించే సంతాప కాగితాలు, రేపు అంటించాలి. అచ్చు షాపు అమ్మాయి నాకు కూడా ఫోన్ చేసింది, ఫోటో ఏదని.

—

వద్దులే, గుర్తింపు కార్డుది మళ్ళీ పెట్టొద్దు. తను పోయిన రోజున అదే పెట్టావుగా. బస్టాపు దగ్గర చూసి నేను తల తిప్పుకున్నాను. పోలీసులు వెతుకుతున్న ఆడదానిలా ఉన్నానని నెదాయే అనేది ఆ ఫోటో చూసి.

…

నవ్వు. ఫరవాలేదు, నవ్వు.

—

మా ఇంట్లో నా పేరు గల సాధువు పండగకి తీసింది ఉంది. వెతికాను. అందరం ఉన్నాం. నెదా మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి బాగా వచ్చింది.

…

మీ పెళ్ళి ఫోటో? అది పెడితే కాగితం చూసినవాళ్ళు ఎవరో చిన్నపిల్ల పోయిందనుకుంటారు.

—

ఊఁ. జబ్బు వచ్చాక ఎవరు ఫోటోకి ఫోన్ ఎత్తినా దుప్పటి మొహం మీదికి లాక్కునేది. నాకు తెలియదా. ఆ ఒక్కసారేగా ఒప్పుకుంది, అదీ ఫిల్ము కెమెరా అన్నావని. ఏమందీ…

…

ఆ, అదే. "నువ్వది కడిగించి తెచ్చేలోపు నేను పోతాను, నా బొమ్మ నేను చూసుకునే బాధ ఉండదు." నువ్వు చెప్పినప్పుడు నేను నవ్వాను కూడా.

—

కంప్యూటర్లో పెడితే? పెట్టొచ్చు. లేనిదాన్ని అది ఊహించి గీస్తుంది. చక్కటి ముక్కు వస్తుంది, ఎవరిదో. నెదా ముక్కు రాదు.

…

లేదు, మందు కొత్తదే. నా చేత్తోనే కడిగాను. కడగడంలో ఏమీ జరగలేదు.

—

లెన్సు పూర్తిగా తెరిచే తీశావు, అది తప్పు కాదు. ఆ గదిలో తెరవకపోతే చీకటి తప్ప ఏం పడుతుంది? ఆ రష్యా లెన్సు సంతలో కొన్నదే అందుకు. కాకపోతే అంత తెరిస్తే దానికి చూపు సన్నం. కన్ను స్పష్టంగా ఉంటే చెవి ఉండదు. చెవి ఉంటే కన్ను ఉండదు.

…

నమ్ముతున్నాను. కెమెరాలో కనిపించే రెండు బొమ్మల్నీ తన కంటి మీదే కలిపి ఉంటావు.

—

రెండు బొమ్మలూ ఒకటయ్యాయి, అవును. కానీ ఆ కెమెరాలో మనం చూసేది లెన్సులోంచి కాదు కదరా. పక్కనున్న చిన్న కిటికీలోంచి. అక్కడ ఎప్పుడూ అంతా బాగానే ఉంటుంది. లెన్సు లోపల ఏం చేస్తోందో ఫిల్ము కడిగేదాకా దేవుడికి కూడా తెలియదు.

…

స్పష్టంగా వచ్చిందా… వచ్చింది. వెనకది. అన్నిట్లోనూ తన కంటికి బెత్తెడు వెనక ఉన్నది.

దిండు. గలీబు అంచున లేసు ఉంది చూడు, మీ అత్తగారు అల్లింది… అది.

—

ఒకదాంట్లో చెవి వచ్చింది. కుడి చెవి. తల అటు తిప్పినట్టుంది. నువ్వేదో అని ఉంటావు, బుగ్గ మసకలో కూడా నవ్వు తెలుస్తోంది. చెవి మాత్రం పోగుతో సహా వచ్చింది.

…

నీలం రాయిదే. వార్నాలో కొన్నావా? పెళ్ళయిన కొత్తలో… ఆ.

…

కావాలంటే తీసి ఉంచుతాను. చిన్నది చాలా, పర్సులో పట్టేంత? సరే. కానీ చెవిని తీసుకెళ్ళి గుమ్మానికి అంటించలేం కదరా.

—

అలా అనుకోకు. కెమెరాని ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోవడం కాదు అది. తను పోతుంటే ఎవరు కెమెరా పట్టుకుని నా కొట్టుకి పరిగెత్తుకొస్తారు? వెంటనే తెచ్చి ఉంటే ఇంకోసారి తీసేవాళ్ళమేమో… లేదు. ఏమో. లేదు.

…

ఏ ఫోటో?

…

ఆ. నీ లెన్సు బాగుచేసి ఇచ్చిన రోజు చూపించిన డామినో బిళ్ళలది. గుర్తుంది.

—

అవును. బిళ్ళలు ఏటవాలుగా వరస పెట్టి, నడిమిదాని మీద కలిపి, లెన్సు పూర్తిగా తెరిచి తీస్తాం. నడిమి బిళ్ళ చుక్కలు స్పష్టంగా వస్తే లెన్సు మంచిది. దాని వెనకది వస్తే లోపం ఉన్నట్టు. నాకంటే నీకే బాగా గుర్తుందే.

…

చూపించాను. అవును.

…

నడిమిదే వచ్చింది.

—

ఏంటి?

…

చేతులా? నీ చేతులు వణికాయంటావా?

—

స్పాస్. విను.

…

ఎప్పుడంది?

…

"నోటిదాకా వచ్చిన సూపు దుప్పటి మీద పోస్తావు, నువ్వు నా బొమ్మ తీస్తావా" అందా. నెదా అలాగే అంటుంది. ముద్దుగానే అని ఉంటుంది.

—

ఏడవకురా.

…

ఊఁ.

…

వింటున్నాను. లెన్సు మంచిదని డామినో ఫోటో చెప్పింది కాబట్టి తప్పు నీ చేతులది.

…

ఆ.

…

ఆ… అయి ఉండొచ్చు.

—

మరిత్సా నదిలో పడేస్తావా. కెమెరా ఏం చేసిందిరా నిన్ను?

…

సమాధి రాతి మీద ఫోటో చోటు ఖాళీగా వదిలేయమన్నావా. చెక్కేవాడికి అప్పుడే చెప్పేశావా? ఏమని?

…

"నా చేతులే తనని రెండోసారి చంపాయి" అని… వాడితో అన్నావా ఆ మాట?

—

ఉండు. పెట్టకు. ఫోన్ పెట్టకు.

…

వణికిన చేత్తో తీస్తే ఫోటోలో ఏదీ స్పష్టంగా రాదు స్పాస్. ఏదీ. మొత్తం కదిలిపోతుంది. ఆ లేసు ఒక్కో కుట్టూ విడివిడిగా కనబడుతోంది. ఒకచోట దారం తెగితే ముడేశారు, ఆ ముడి కూడా కనబడుతోంది.

—

అదే చెబుతున్నాను.

…

అవును, మరి డామినో ఫోటో.

…

…

ఆ ఫోటో నీ లెన్సుది కాదు.

—

నా లెన్సుది. ఎప్పుడో తీసి కొట్లో గోడకి పెట్టుకున్నది. నువ్వొచ్చి, పరీక్షించావా అన్నావు. గోడ మీంచి తీసి నీ చేతికిచ్చాను.

…

లేదు. నీది పరీక్షించలేదు.

—

విప్పాను. గట్టిపడిన గ్రీజు తుడిచాను. మళ్ళీ బిగించాను. అంతవరకు నిజం. ఫిల్ము వేసి, తీసి, కడిగి, ఆరబెట్టి చూడాలంటే ఒక రోజు పట్టేది. మా బావమరిది ద్రాక్ష కోతకి రమ్మని బయట హారన్ కొడుతున్నాడు. ఇలాంటి లెన్సులు కళ్ళు మూసుకుని బిగించేవాణ్ణి, దీనికి పరీక్షేమిటి అనుకున్నాను.

…

తిట్టు. అయినా ఇంకా ఉంది. అది కూడా విని తిట్టు.

—

ఇవాళ నీ ఫిల్ము చూడగానే నాకు అనుమానం వచ్చింది. విడిభాగాలు పెట్రోలు పోసి కడిగే పెరుగు సీసా ఉంటుంది చూడు, బల్ల మీద. అది వంచాను. అడుగున మడ్డిలో అతుక్కుని ఉంది.

రింగు. ఇత్తడిది. కాగితమంత పల్చన. లెన్సు గాజుకీ, దాన్ని కూర్చోబెట్టే గొట్టానికీ మధ్య వెయ్యాలి. అది వెయ్యకపోతే గాజు వెనక్కి జరిగి కూర్చుంటుంది. నువ్వు కంటి మీద కలుపుతావు, అది దిండు మీద చూపు పెడుతుంది.

…

నా అరచేతిలో ఉంది. ఇప్పుడు.

…

స్పాస్?

…

ఉన్నావా?

…

పెట్టెయ్యలేదుగా. సరే. ఇది కూడా విను.

…

నీకు ఫోన్ కలిపే ముందే రింగు దొరికింది నాకు. అయినా నువ్వు చేతులని ఏడుస్తుంటే "అయి ఉండొచ్చు" అన్నాను. విన్నావుగా. అలాగే వదిలేద్దామనుకున్నాను. మీ పెళ్ళికి సాక్షిగా నిలబడ్డవాణ్ణి… నువ్వు ఆ రాతి సంగతి ఎత్తకపోతే వదిలేసేవాణ్ణే.

—

అవును.

…

చెబుతాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెబుతాను. రింగు వెయ్యడం మర్చిపోయింది నేను. చూశానని అబద్ధం ఆడింది నేను. నీ చేతులు కదల్లేదు స్పాస్, ఒక్కసారి కూడా కదల్లేదు. నెదా మొహం పోగొట్టింది నేను.