ధర్మారావు మూల కుర్చీ

ఆగాగు స్మృతీ, ఆ మూల కుర్చీలో కూర్చోకు, అక్కణ్ణించి టీవీ సగమే కనపడుతుంది. ఇటు సోఫాలోకి రా. ఆంటీ పైన ఫోన్లో ఉందిలే, వాళ్ళ చెల్లెలితో, ఇప్పట్లో తెమిలేది కాదు. కనపడనప్పుడు అక్కడెందుకు పెట్టారంటావా? నేను పెట్టలేదమ్మా, ధర్మారావు పెట్టాడు. ధర్మారావంటే మీ నాన్ననడుగు, మన ఊరు పిస్కాటవేలో పాతవాళ్ళందరికీ తెలుసు. ఫార్మా కంపెనీలో నా పక్క క్యూబ్, పక్క సీటు. వాడు పోయేనాటికి నువ్వింకా డయాపర్లలో ఉన్నావు. మంచివాడే. పోయినవాణ్ణి చెడ్డవాడంటే కళ్ళు పోతాయి. కానీ నాకు వాడంటే కుళ్ళు. కుళ్ళంటే తెలుసుగా, జెలసీ. నవ్వకు, ఈ వయసులో కూడా ఉంది, ఏం చెయ్యమంటావు.

వాళ్ళావిడ రాగిణి నర్సు, శనివారాలు డ్యూటీ. అందుకని శనివారం మధ్యాహ్నం అన్నాలు తినగానే మా ఇంటికొచ్చేసేవాడు. మాకో రూల్ ఉండేది, సినిమా ఎవరు తెస్తే తినడానికి కూడా వాళ్ళే తేవాలి. నా వంతొస్తే ఇండియన్ గ్రోసరీలో అద్దెకిచ్చే తెలుగు క్యాసెట్టు, కాసిని పకోడీలు. ఆ క్యాసెట్లు ఎన్ని చేతులు మారాయో, హీరో ఎవరో హీరోయిన్ ఎవరో పాటొస్తేగానీ తెలిసేది కాదు. మీ ఆంటీ ఉతికిన బట్టల బుట్ట తెచ్చుకుని మడతలు పెట్టుకుంటూ చూసేది. మడతలయిపోతే సినిమా కూడా అయిపోయినట్టే, లేచి వెళ్ళిపోయేది. ధర్మారావు వంతొస్తే మాత్రం బట్టల బుట్ట మెట్ల మీదే ఉండేది. ఆవిడొచ్చి సోఫాలో నా పక్కన కుదురుగా కూర్చునేది. అది నాకు మొదటి మంట.

వాడు తెచ్చేవేమన్నా సినిమాలా? ఒకదాంట్లో ఒకాయన గడ్డి కుక్కిన మేకని హాల్లో పెట్టుకుని దాన్ని సలహాలడుగుతాడు. ఇంకోదాంట్లో అక్కచెల్లెళ్ళిద్దరు లాడ్జి నడుపుతుంటారు, దిగినవాళ్ళు దిగినట్టే, బయటికి రారు. ఎవడో ఒకడు సూప్ తాగుతూనే ఉంటాడు సినిమా అంతా. అయిపోయాక ధర్మారావు ఒళ్ళు విరుచుకుని తీర్పు చెప్పేవాడు. "వదినగారూ, ఇవాళ్టిది పప్పుచారండి, ఉప్పు తక్కువ. పోయినసారి లాడ్జి ఉంది చూశారూ, అదీ పులుసంటే." ఆవిడ తలూపేది. నేను మంచి సినిమా తెచ్చి, అమ్మా కొడుకూ కలుసుకునే సీన్లో కళ్ళు తుడుచుకుంటుంటే, "బాగుంది లెండి" అని లేచిపోయిన మనిషి, లాడ్జిలో శవాలు పులుసంటే తలూపేది.

సరే, రుచులు వేరనుకుందాం. నన్ను తినేసిందది కాదు. నవ్వు. సినిమాలో ఏమీ ఉండదమ్మా. ఎవరో మెట్లు దిగుతుంటారు, చీకటి, మాటల్లేవు, నాకు గుండె దడ. అప్పుడు ఈవిడ కిసుక్కుమనేది. ఆ వెంటనే మూలనించి వాడూ. సరిగ్గా అదే చోట. నేను తెరమీద వెతుక్కునేవాణ్ణి ఏం కనపడిందా అని. ఏమీ ఉండేది కాదు. వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మళ్ళీ నవ్వేవాళ్ళు. పెళ్ళయి అన్నేళ్ళయినా నా పక్కన కూర్చుని మీ ఆంటీ అట్లా నవ్వింది లేదు. పైగా వాడు ఆ కుర్చీని తనే ఆ మూలకి జరుపుకున్నాడు, టీవీ సరిగ్గా కనపడకపోయినా పర్లేదని. అక్కణ్ణించి చూస్తే ఏం కనపడుతుంది? ఈ సోఫా. సోఫాలో ఎవరు? మీ ఆంటీ. ఇంక నేనేమనుకోవాలి చెప్పు. అడిగితే పరువు పోతుంది, అడక్కపోతే నిద్ర పోతుంది. అడగలేదు.

ఒకసారి వాడితో వీడియో షాపుకెళ్ళాను, ఏం చూసి ఎంచుకుంటాడో కనిపెడదామని. నేనూ అట్లాంటిదే ఒకటి తెస్తే మీ ఆంటీ నాతోనూ నవ్వుతుందేమోనని ఆశ. వాడు పేరు చూడలేదు, బొమ్మ చూడలేదు. కౌంటర్లో ఉన్న తెల్లమ్మాయిని అడిగాడు, ఇందులో బేస్‌మెంట్ ఉందా అని. ముసలివాళ్ళు ఒంటరిగా మెట్లు దిగుతారా అని. ఆ పిల్ల వీణ్ణి ఎగాదిగా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. వీడి రుచి మండ, వీడికి మా ఆవిడ తలూపడమా అనుకున్నాను.

తర్వాత వాడు పోయాడు. గుండె. ఆఫీసు పార్కింగ్‌లోనే, కారు తలుపు తీస్తూ. రాగిణి కొడుకు దగ్గరికి, దేశానికి ఆ కొసన ఫ్రీమాంట్ వెళ్ళిపోయింది. వాడి కోసం నేనూ ఏడ్చాను, అబద్ధం చెప్పకూడదు. కానీ శనివారం వచ్చింది, నేనే షాపుకెళ్ళి ఒక దిక్కుమాలిన సినిమా తెచ్చి, మిక్చర్ కూడా తెచ్చి మీ ఆంటీని పిలిస్తే, "వద్దులెండి, అట్లాంటివి ఇంక చూడను" అంది. బట్టల బుట్ట మళ్ళీ హాల్లోకొచ్చింది. ఆ కుర్చీ మాత్రం కదపనివ్వదు, వాక్యూమ్ చేసినా దాని చుట్టూ చేస్తుంది. ఇన్నేళ్ళూ సీరియళ్ళే. ఇంకేం కావాలమ్మా సాక్ష్యం?

పోయిన శనివారం నువ్వు పెట్టి వెళ్ళావే, ఆ ముసలామె సినిమా, నువ్వు పెట్టావు కదా అని మీ ఆంటీ మొహమాటానికి కూర్చుంది. మొగుడి శవం కింద ఫ్రీజర్లో ఉంటుంది, ఆవిడ గౌనేసుకుని ఒక్కత్తే బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటుంది. చడీచప్పుడూ లేదు. అప్పుడు వచ్చింది, ఆ కిసుక్కు. అచ్చం ఆనాటిదే. నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ దాచుకున్నది బయటికొచ్చేసింది. "ధర్మారావు గుర్తొచ్చాడా?" అన్నాను.

సినిమా ఆపింది. "గుర్తొచ్చాడు. ఆయనుంటే ఇప్పుడు నా వంక చూసేవాడు" అంది.

"ఎందుకు?"

"మీరు ఆ ముసలామెని స్వెట్టర్ వేసుకుని దిగమన్నారు, కింద చలిగా ఉంటుందని."

నేనలా అన్లేదు అన్నాను. అంటే, మనసులో అనుకుని ఉంటాను. "ఎప్పుడూ బయటికే అంటారండీ మీరు" అంది. లాడ్జిలో దిగినవాడికి గది గొళ్ళెం చూసుకోరా అని చెప్పానట. మేకనడిగేవాడితో, బాబూ, మేక మాట వినకు, మీ అమ్మకి ఫోన్ చెయ్యి అన్నానట. పెద్దవాళ్ళయితే అండీ గిండీ అని మర్యాదగా చెప్తానట. ఎవరికో, ఆ తెరమీద తెల్లవాళ్ళకి, తెలుగులో. నాకు ఒక్కటీ గుర్తులేదు. "మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అంటే, ధర్మారావు ఒట్టు వేయించుకున్నాడట. "చెప్పకండి వదినగారూ, తెలిస్తే మానేస్తాడు. ఊళ్ళో దొరికే బేస్‌మెంట్లన్నీ నేను తెస్తాగా" అన్నాడట. ఆయన పోయాక ఒక్కదాన్నే ఎవరి మొహం చూసి నవ్వనండీ, అంది. కళ్ళు తుడుచుకుంది.

అయితే కుళ్ళు పోయిందా అంటావు. పోలేదు. ఇంకా ఎక్కువైంది. వాళ్ళిద్దరూ శనివారం శనివారం అంత బాగా చూసిన సినిమాని నేనొక్కణ్ణే చూళ్ళేదు కదా. సరే, మొన్న బుధవారం ఇంకోటి పెట్టుకున్నాం, నేను నోటికి గుడ్డ కట్టినట్టు కూర్చున్నాను, ఒక్క మాట జారనివ్వకుండా. సగంలో మీ ఆంటీ లేచి వెళ్ళి బట్టల బుట్ట తెచ్చుకుంది.

అదిగో దిగుతోంది. ఏం మాట్లాడుకున్నామో చెప్పకు. ఇంతకీ నువ్వు తెచ్చినదాంట్లో బేస్‌మెంట్ ఉందా? ఉందా. సరే పెట్టు. పెట్టేసి... ఇక్కడ కాదమ్మా, నువ్వెళ్ళి ఆ మూల కుర్చీలో కూర్చో.