చల్లారని కొలత

మల్కాపురం దగ్గరి వర్క్‌షాపులో, క్రేన్‌కి బిగించాల్సిన ఇనుప పిన్ను లేత్ మిషను మీంచి అప్పుడే దిగింది. దాన్ని చెక్కిన టర్నర్ కొలిచాడు. తనిఖీ చేసే ఆమె పెన్ను తియ్యలేదు.

“కొలత కరెక్టుగుంది మేడమ్. సంతకం ఎట్టీండి, లారీ ఆగుంది.”

“ముందు దాన్ని ఒట్టి సేత్తో పట్టుకో.”

“సెయ్యి కాలిపోతాది!”

“మరి అంత వేడి మీద కొలిసీసి కరెక్టంటావేటి? సల్లారితే వెంట్రుకంత తగ్గిపోతాది. కన్నంలో వదులైపోతాది. నిన్నటి పిన్ను కూడా ఇలాగే కొలిసావా?”

“ఇలాగే. నా మాట మీదే మీరు సంతకం ఎట్టీసారు.”

“అదెక్కడుందిప్పుడు?”

“పొద్దున్నే క్రేన్‌కి బిగించీసారు.”

“ఫోను తే. లోడెత్తొద్దని సెప్పాలి.”

“నా పేరు సెప్పకండి మేడమ్, ఉజ్జోగం పోతాది.”

“కాయితం మీద నీ పేరెక్కడుంది బాబూ? ఉన్నది నాదే.”