పసుపు రంగు కింద అతుకు

మూడు రోజులుగా మూసే ఉన్న వెల్డింగ్ షాపు తలుపు తోసుకుని వచ్చి, గోనెలో చుట్టిన ఇనుప ముక్కను బావగారు బల్లమీద పెట్టాడు. బావమరిది గోడవైపే చూస్తూ కూర్చున్నాడు.

"వెళ్ళు బావా. నీ ట్రాక్టర్ ముందుండే ఇనుప ఫోర్కులకి దుంగలు పట్టే పంజా చేశాను. నా అతుకు ఊడి, దుంగ దొర్లి కోతమిల్లు గోడ కూలింది. ఇంకేం మిగిలింది?"

"ఒక్కసారి ఈ ముక్క చూడరా."

"ఇరవయ్యేళ్ళ పేరు పోయాక ఏ మొహం పెట్టుకుని చూడను?"

"చూడరా బాబూ."

విసుక్కుంటూనే గోనె విప్పాడు.

"ఇదేమిటి, కాకి రెట్ట వేసినట్టుంది! పైన పసుపు రంగెవరు పూశారు?"

"నేనే."

"అతుకు?"

బావగారు చెప్పు కొసతో నేల మీద గీత గీశాడు.

"అదీ నేనే. పంజా వేలెడు పక్కకి మూసుకుంటోందని కోసేసి మళ్ళీ అతికాను. నిన్నడగడానికి నామోషీ వేసి ఫోన్లో వీడియోలు చూశాను."

"ఎన్ని?"

"ఒకటిన్నర."

"మరి మిల్లులో అందరూ నన్ను తిడుతుంటే ఏం చేశావు?"



"పక్కనే నిలబడి తలూపాను."

బావమరిది ఆ ముక్కను తిప్పి చూశాడు.

"అక్కకి తెలుసా?"

"గోనెలో చుట్టిచ్చింది మీ అక్కే."

"అయితే పద మిల్లుకి. ముక్క నువ్వే మొయ్యి."

బావగారు గోనె అందుకోబోయాడు.

"గోనె ఇక్కడే ఉండనీ బావా. అతుకు అందరికీ కనబడేలా పట్టుకురా."