ఆరు తాళాలకు నూనె

కాలనీలో అందరూ నన్ను పంపు బాబాయ్ అంటారు. వయసు యాభై ఎనిమిది. పని, గుట్ట మీది కాలనీకి నీళ్లు వదలడం. పద్నాలుగు నెలలుగా పంపుగదిలోనే పడుకుంటున్నాను. ఈ రోజు, ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం పదకొండు గంటలకు, పిలిచారని వచ్చి దర్యాప్తు అధికారి గారి ఎదుట చెబుతున్న మాటలివి.

మా పంపు కరెంటుతో నడుస్తుంది. ఆ కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దానికే తెలియాలి. పై వరుస ఇళ్లకు నీళ్లెక్కేలోపే పోతుంది. బిందెలు మోసి మోసి విసిగి, పై వరుసలో ఆరు ఇళ్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. ఐదిళ్లవాళ్లు తాళంచెవులు నా చేతిలో పెట్టారు. ఆరో ఇంటి సంగతి తర్వాత చెబుతాను.

మా సంఘం కార్యదర్శి బట్టలు కుట్టే ఆవిడ. గత నెల నాలుగో తేదీ మధ్యాహ్నం ఆమె తన ఫోనులో ఒక మ్యాపు చూపించింది. అందులో ఊళ్లూ కాలనీలూ చుక్కలుగా ఉంటాయి. చుక్క మీద వేలు పెడితే, అక్కడ సోలారు పనులకు ఏ నిధి దొరుకుతుందో చెబుతుంది. మా చుక్క బూడిదరంగులో ఉంది. నూరు కాపురాలు నమోదైతే పచ్చగా మారుతుందట, అప్పుడు సోలారు పంపుకు దరఖాస్తు పెట్టుకోవచ్చట. ప్రతి ఇంటి తలుపూ ఫోటో తీసి ఎక్కించాలి. ఆమె మిషను మూసి రెండు రోజులు తిరిగింది. తొంభై నాలుగు వచ్చాయి.

“ఇంతే బాబాయ్. ఇంకా ఆరు కావాలి. ఇళ్లేమన్నా నేను కుట్టి పెట్టేవా?” అని మెట్టు మీద కూలబడింది.

ఏడో తేదీ ఉదయం ఏడున్నరకు, కొన్ని ఫోటోలు సరిగా రాలేదని అబద్ధం చెప్పి ఆమె ఫోను తీసుకున్నాను. తాళం తీశాను, ఫోటో తీశాను, మళ్లీ తాళం వేశాను. ఆరిళ్లకూ అంతే. ‘ప్రస్తుతం ఇక్కడ కాపురం ఉంటున్నారా?’ అని ఫోను ప్రతిసారీ అడిగింది. ఆరుసార్లూ ‘అవును’ నొక్కాను. చుక్క పచ్చబడింది. ఈ సంగతి ఆమెకు తెలియదు. మళ్లీ చెబుతున్నాను, ఆమెకు తెలియదు.

ఈ నెల పదకొండున ఉదయం పదింటికి తనిఖీకి ఇద్దరు వచ్చారు. తిన్నగా పై వరుసకే వెళ్లారు.

“ఇందులో ఎవరుంటారు?”

“నేనేనండి.”

“తాళం తియ్యి.”

తాళం ఇట్టే వచ్చింది. లోపల బిందెలు బోర్లించి ఉన్నాయి. వాటి మీద దుమ్ము పేరుకుపోయి ఉంది.

“ఎన్నాళ్లయింది?”

“పద్నాలుగు నెలలు.”

ఆ ఆరో ఇల్లు నాదే. నా భార్య వెళ్లి పద్నాలుగు నెలలు. కాలనీకంతా నీళ్లు వదిలేవాడి ఇంట్లో చుక్క నీళ్లు లేవని మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. “వాకిట్లోకి నీళ్లొచ్చిన రోజు కబురు చెయ్యి, వస్తాను. అందాకా నువ్వూ నీ పంపూ కాపురం చేసుకోండి” అని వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది.

మిగతా ఐదు తాళాలూ అలాగే వచ్చాయి. ఇళ్లు వాడుకలో ఉన్నాయని నమ్మించడానికే నూనె పూశానని వాళ్లు రాసుకున్నారు. పూసింది నేనే. ఈ మ్యాపు సంగతి తెలియకముందు నుంచీ, ప్రతి నెలా మొదటి ఆదివారం, పంపుకు వేసే నూనెలోంచి రెండేసి చుక్కలు పూస్తున్నాను. తిరిగొచ్చినవాళ్లు సొంత ఇంటి తాళం పగలగొట్టుకుని లోపలికి పోవడం నాకిష్టం లేదు.

నీళ్లు లేకే వాళ్లు వెళ్లారు. వాళ్లు లేరు కాబట్టి నీళ్లు రావంటే ఎవరికి చెప్పుకోను? నాకు ఓపిక అయిపోయింది. తప్పు నాది. నా మీద ఏం రాసుకున్నా సరే, దరఖాస్తు కొట్టేయకండి. తొంభై నాలుగు తలుపులు నిజం.

రాసినదంతా చదివి వినిపించారు. ‘మోసగించాలని తాళాలకు నూనె పూశాను’ అన్నచోట ఆపి, ‘తిరిగొస్తారని పూశాను’ అని దిద్దించాను. తక్కినదంతా నేను చెప్పినదే, నిజమే, ఎవరూ బలవంతపెట్టలేదు. ఆరు తాళంచెవులూ ఈ బల్ల మీద పెట్టాను. వచ్చేది నెలలో మొదటి ఆదివారం. ఎవరినైనా పంపి నూనె వేయించండి.

(సంతకం)
పంపు ఆపరేటరు