చెయ్యెత్తిన దేశాలు

మా టీకొట్టు పక్కన ఇస్త్రీ బండి మా చెల్లెలిది. తోడబుట్టినది కాదు, పక్కపక్కన నిలబడి ఏళ్ళ తరబడి పని చేసుకుంటే వరసలు వాటంతటవే కలుస్తాయి. వాళ్ళాయన ప్రతిపక్ష నాయకుడి కారు నడిపేవాడు. పోయినేడు వంతెన మీద ఆ నాయకుణ్ణి కాల్చి చంపినప్పుడు అతనూ పోయాడు. సర్కారువాళ్ళు విచారణ చేశామనిపించి, ఎవరూ ఆపమనకుండానే కారు వంతెన మధ్యలో ఆగింది కాబట్టి డ్రైవరు హంతకులతో కుమ్మక్కయ్యాడని తేల్చేశారు. చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడు కదా. అప్పట్నించి దాని పిల్లల్ని బళ్ళో ఏమని పిలుస్తున్నారో చెప్పుకోవడం కూడా తప్పే.

ఇప్పుడు బయటి దేశాలవాళ్ళు కలిసి పంపిన విచారణ బృందం ఊళ్ళో దిగింది. రేపు పొద్దున రమ్మని మా చెల్లెలికి కబురొచ్చింది.

"అన్నయ్యా, అంత పెద్దవాళ్ళు నా మాట వింటారంటావా?" అని ఆ సాయంత్రం ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్నడిగింది. నేను గ్లాసులు కడుగుతూ ఏం చెప్పాలా అని ఆలోచించేలోపే బెంచీ మీద నించి మైకు బాబాయ్ అందుకున్నాడు.

మైకు బాబాయ్ విదేశాంగ శాఖ మీటింగు హాల్లో మైకులు పెడతాడు. బయట సభలకి పిలిచినా వెళ్ళి కడతాడు. పనిలో వంక పెట్టడానికి ఉండదు. మాటలే కోటలు దాటుతాయి.

"వింటారా అని అడుగుతున్నావేంటమ్మాయ్? వాళ్ళని ఇక్కడికి రప్పించిందే నేనైతే వినక ఏం చేస్తారు? అబ్బే, నేను పెద్దగా చేసిందేం లేదులే, ఒక వైరు ఊడిపోతే పెట్టాను, అంతే."

"వైరు పెడితే విచారణ వచ్చిందా?" అన్నాడు సెలూన్ తమ్ముడు. వాడి కొట్టు మా ఎదురుగానే, గిరాకీ లేనప్పుడు వాడి కాపురమంతా ఈ బెంచీ మీదే.

"నిమ్మళంగా విను మరి. ఆ రోజు హాలుకి ముగ్గురు రాయబారులొచ్చారు, మూడు దేశాలవాళ్ళు, ముగ్గురివీ ఒకటే రంగు కోట్లు. మీ నాయకుడి హత్య మీద బయటివాళ్ళతో విచారణ చేయించుకోండి, మా దేశాలు మీ వెనక ఉంటాయి, మీరు నోరు తెరిచి అడిగితే చాలు అని గంటసేపు చెప్పారు. మన మంత్రిగారు అంతా విన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, 'చూద్దాం' అన్నారు. చూద్దాం అంటే ఏంటో మనకి తెలియంది కాదు. పిల్లాడు సైకిలు కొనమంటే చూద్దాం, ఇంటి ఓనర్ని గోడకి సున్నం వేయించమంటే చూద్దాం. చూద్దాం అన్నాక చూసిన మగాడు పుట్టాడా అసలు?"

"మా ఇంటి ఓనరైతే పుట్టలేదు," అన్నాడు సెలూన్ తమ్ముడు.

"అదీ. ఆ మాట అక్కడితో అయిపోవాల్సిందే, కాకపోతే సరిగ్గా అప్పుడే గాజు గదిలో తర్జుమా చేసే పెద్దమనిషికి దగ్గు తెర పట్టుకుంది. నేను ఊడిన వైరు పెడుతూ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాను. ఆయన దగ్గుతూనే మైకు నా ముందుకి తోశాడు. అటు చూస్తే రాయబారులు ముగ్గురూ హెడ్‌ఫోన్లు నొక్కి పట్టుకుని ఎదురు చూస్తున్నారు. నేనేం చెయ్యను? కల్పించి చెప్పే అలవాటు నాకు లేదు కదా..."

"లేదు లేదు," అన్నాను నేను.

"...అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. చూద్దాం అంటే ఏంటి? చూడటం, అదీ అందరం కలిసి. నేను చూస్తా అనలేదు, మీరు చూడండి అనలేదు. అందుకని 'రండి, అందరం కలిసి చూద్దాం' అని వాళ్ళ భాషలో అనేశాను."

"ఎవరి భాషలో బాబాయ్?"

"మూడింట్లోనూ. ముగ్గురొచ్చినప్పుడు ఒకళ్ళకి చెప్పి ఇద్దరికి చెప్పకపోతే చిన్నబుచ్చుకోరూ? ఇక చూసుకో, ముగ్గురూ ఒక్కసారి లేచి మంత్రిగారి చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు, టీవీవాళ్ళు లైట్లు వేసేశారు, 'సర్కారు ఒప్పుకుంది' అని ఆయన బయటికి వచ్చేలోపే ఊరంతా పాకిపోయింది. నేనలా అనలేదు మొర్రో అని ఆయన ఎక్కడని చెప్తాడు? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎవరూ అడగకపోయినా చెప్తాడని తెలిసి నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను. మా చెల్లెలు మళ్ళీ పెట్టె అందుకుని చొక్కా కాలరు మీద నెమ్మదిగా రాస్తోంది, చెవి మాత్రం ఇటే ఉంది.

"ఇక ప్రపంచ దేశాల సభలో తీర్మానం అవ్వాలి. అక్కడికి ఎవరిని పంపాలి? నేను పెట్టిన వైరు ఊడలేదన్న సంగతి అప్పటికే అన్ని దేశాలకీ తెలిసిపోయింది. విమానం పంపించారు. అదీ ఎలాంటి విమానం, దారిలో పైలెట్ మైకు పాడైపోయింది, కిందవాళ్ళతో మాట్లాడాలి, ఎలాగా అని ఆయన బిక్కమొహం వేశాడు. నేను వెనక సీట్లోంచి లేవకుండా ఒక్క కేకేశాను, కింద స్టేషన్లో ఆఫీసరు కాఫీ ఒలకబోసుకుని, వినపడింది బాబూ, దిగండి అన్నాడు."

"అద్దాలు మూసే ఉన్నాయి కదా విమానానికి?"

"నా వైపుది కొంచెం తీసిపెట్టాను. మధ్యలో అడ్డం రాకు. ఆ హాలుంది చూశావూ, ఆ చివర దగ్గితే ఈ చివరికి మర్నాడు వినపడుతుంది, అంత హాలు. దేశాలన్నీ వచ్చి కూర్చున్నాయి. కానీ ఒక పెద్ద దేశానికి మన విచారణ ఇష్టం లేదు. వాళ్ళ తుపాకులే వాడారని బయటపడుతుందేమోనని భయం. దాని రాయబారి ముందురోజే చిన్న దేశాలన్నిటి చెవులూ కొరికేశాడు. నువ్వు చెయ్యెత్తితే గోధుమలు రావు, నువ్వు ఎత్తితే ఓడలు రావు అని. పాపం వాళ్ళు భయపడి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. ఆ కూర్చోవడం చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది. చూశావా అమ్మాయ్, లోకంలో మంచివాళ్ళు లేక కాదు, చేతులు ఖాళీగా లేక."

మా చెల్లెలు తలెత్తి చూసింది. ఆ ఒక్క ముక్క బాగానే అన్నాడని నాకూ అనిపించింది.

"నేను మీటలన్నీ ఉన్న బల్ల దగ్గరికి వెళ్ళి, అందరి హెడ్‌ఫోన్లకీ నా మైకు కలిపి, 'వినపడనివాళ్ళు చెయ్యెత్తండి' అన్నాను."

సెలూన్ తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. "వినపడనివాళ్ళకి నువ్వడిగింది ఎలా వినపడింది?"

"అందుకే గదరా నేను బాబాయ్‌ని, నువ్వు తమ్ముడివి. ఎడమ చెవికి ఆపేసి కుడి చెవికి ఇచ్చాను. ఎడమ చెవిలో వినపడనివాళ్ళు చెయ్యెత్తండి అని కుడి చెవిలో అడిగాను. సరిగ్గా అదే క్షణంలో సభాపతిగారు, తీర్మానాన్ని సమర్థించేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. గభాల్న లేచాయి చేతులు. తొడల కింద ఉన్నవీ లేచాయి. ఆ పెద్ద దేశంవాడు కూడా, హెడ్‌ఫోను పాడైంది, బాగు చెయ్యండి అని రెండు చేతులూ ఎత్తాడు. లెక్కపెడితే ఉన్న దేశాలకంటే ఎత్తిన చేతులు ఎక్కువొచ్చాయి. ఇంకా స్వాతంత్ర్యం రాని దేశం ఒకటి గుమ్మం బయట నిలబడి అది కూడా ఎత్తేసింది."

"దాన్నీ లెక్కలో కలిపారా?"

"అదే రోజు స్వాతంత్ర్యం ఇచ్చేసి మరీ కలిపారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అప్పుడు రెండు దేశాల మధ్య యుద్ధం జరుగుతోంది. సరిహద్దులో సైనికులు రేడియోలో నా గొంతు విన్నారు. వాళ్ళకి బాంబుల మోతకి ఎడమ చెవులు ఎప్పుడో పోయాయి, పాపం. అందుకని వాళ్ళూ చేతులెత్తారు. అవతలివాళ్ళు చేతులెత్తేశారని వీళ్ళు, వీళ్ళు ఎత్తేశారని వాళ్ళు, ఎవరికి వాళ్ళు గెలిచామనుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు. యుద్ధం అలా ఆగింది. ఎవరికీ చెప్పుకోలేదు నేను."

"మాకు తప్ప," అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

"చివరికి సభాపతిగారు నన్ను పక్కకి పిలిచి, విచారణకి ఎవరిని పంపమంటారు, మీరే చెప్పండి అన్నారు. నేను జడ్జీలందర్నీ వరసగా మైకు ముందు నిలబెట్టి గొంతులు విన్నాను. అబద్ధమాడే గొంతు మైకులో గరగరమంటుంది, నాకు తెలుసు. గరగర లేనివాళ్ళని ముగ్గుర్ని ఏరాను. రేపు నువ్వు చూడబోయేది ఆ ముగ్గుర్నే. అందుకని భయపడకు. మైకు బాబాయ్ పంపాడని చెప్పు, కుర్చీ వేసి కూర్చోబెడతారు."

సెలూన్ తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. మా చెల్లెలి మొహంలో కూడా చాలా రోజుల తర్వాత నవ్వు లాంటిది కనపడింది. ఇస్త్రీ చేసిన చొక్కాని మడత పెట్టి, దొంతి మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"బాబాయ్, లోకంలో ఉన్న దేశాలన్నీ చెయ్యెత్తడం చూశావు కదా. వంతెన మీద మా ఆయన కారుకి చెయ్యెత్తింది ఎవరో కూడా చూశావా?"

మామూలుగానే అడిగింది. చక్కెర సరిపోయిందా అని నేనడిగినట్టు.

"ఆ రోజా? ఆ రోజు నాకు జ్వరం కదమ్మాయ్, ఇంట్లో పడుకున్నాను. అందరికీ తెలుసు కదా."

"ఆ పొద్దున నా దగ్గరే చొక్కా తీసుకున్నావు. వంతెన దగ్గర సభకి మైకులు కట్టాలి, నిచ్చెనెక్కితే నలిగిపోతుంది, అయినా ఇవాళ మంచి చొక్కా వేసుకుంటా అన్నావు. ఏడాది నించీ ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను. ఇప్పటిదాకా నేను అడగలేదు. రేపు నన్ను వాళ్ళు అడుగుతారు. నేను అక్కడ లేను బాబాయ్. నువ్వున్నావు."

మైకు బాబాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నాకు నవ్వు పోయి కోపం వచ్చింది. ఇంత కాలం నా బెంచీ మీద కూర్చుని, నా టీ తాగుతూ, ప్రపంచం మొత్తం చూపించాడు గానీ ఈ ఒక్క ముక్క కడుపులో పెట్టుకున్నాడు.

"యూనిఫాంలో ఉన్నవాడు," అన్నాడు బాబాయ్.

"ఒక్కడేనా?" అన్నాడు సెలూన్ తమ్ముడు. ఈసారి వాడి గొంతులో వెటకారం లేదు.

"ఒక్కడే. నేను స్తంభం మీద ఉన్నాను, కింద స్పష్టంగా కనపడుతోంది. రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తాడు. మీ ఆయన ఆపాడమ్మాయ్. యూనిఫాం చెయ్యెత్తితే ఎవరైనా ఆపుతారు. ఏంటి సార్ అని అడగడానికి అద్దం కూడా దించాడు." గ్లాసులో చూస్తూ చెప్పాడు. "నేను సర్కారు హాల్లో పని చేసేవాణ్ణి. స్తంభం దిగి ఇంటికెళ్ళి పడుకున్నాను. జ్వరం తర్వాత నిజంగానే వచ్చింది."

మా చెల్లెలు బండి చక్రం పక్కన కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కారు ఎందుకు ఆపాడో చెప్పిన మొదటి మనిషి మైకు బాబాయే. ఏడవనిచ్చాం. టీ పెట్టి ఇస్తే తాగలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని, "రేపు నాతో వస్తావా బాబాయ్?" అంది.

"అక్కడ మైకు పెడతారా?"

"పెడతారట. ఎదురుగా బల్ల మీద."

ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటివైపే చూసుకున్నాడు. "జీవితమంతా మైకులు పెట్టాను గానీ, 'హలో, హలో, మైక్ టెస్టింగ్' అని తప్ప దాంట్లో ఇంకో మాట మాట్లాడలేదమ్మాయ్."

"అదే అను బాబాయ్. మైకు పనిచేస్తోందని తెలిశాక, ఆయన అద్దం దించిన సంగతి చెప్పు."